రేపు చెప్తానమ్మా

చెక్కబద్ద మళ్ళీ విరిగింది.

బొమ్మ ఓడ పక్కలకి అతికించాల్సిన సన్నటి బద్ద. వంచబోతే పుటుక్కున రెండు ముక్కలై టైలరమ్మ ఒళ్ళో పడింది.

ఎంత మొండి గుడ్డనైనా ఆమె కత్తెరతో దారికి తెస్తుంది. చెక్క మాత్రం ఆమె మాట లెక్కచేయడం లేదు.

చెక్క ముక్కలు అతికించి ఓడ తయారుచేసుకునే ఆ పెట్టె మొగుడు వదిలేసి వెళ్ళినది. ఆఫీసు టూరని చెప్పి ఏళ్ళ తరబడి ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం నడిపిన మహానుభావుడు. వెళ్ళేటప్పుడు బట్టలన్నీ సర్దుకుని, బీరువా మీదున్న ఈ పెట్టెని మర్చిపోయాడు. సీలు కూడా తీయలేదు.

అతను మొదలైనా పెట్టనిది తను పూర్తి చేసి చూపించాలని ఆమె పంతం. చూపించడానికి ఎవరూ లేరు. అయినా పంతం పంతమే.

పెట్టె అడుగున, సందేహాలుంటే అడగమని ఒక ఫోన్ నంబరు ఉంది. కళ్ళు తుడుచుకుని నొక్కింది.

"ఓడల కంపెనీయేనాండీ?" మళ్ళీ ఏడుపొచ్చేసింది. "బద్దలన్నీ విరిగిపోతున్నాయి. నావల్ల ఏదీ కాదండీ. నా చేతిలో ఏదీ నిలబడదు."

అవతల టీవీ శబ్దం తగ్గింది.

"ఏడవకమ్మా," అంది ఓ ముసలి గొంతు. "కంపెనీయే. పెట్టె మీద ఓడ పేరేముంది?"

చెప్పింది.

"సరే. రేపు చెప్తానమ్మా."

రేపు, ఎల్లుండి అని తిప్పుకునే కంపెనీలని ఆమె చాలా చూసింది. ఈయన మాత్రం అన్నట్టే మర్నాడు ఫోన్ చేశాడు.

"గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, అప్పుడు వంచమ్మా. తడి ఆరేదాకా పిన్నులు తీయకు."

పిన్నులు టైలరమ్మకి కొత్తా? ఓడ పక్క నిండా గుచ్చేసింది. బద్ద బుద్ధిగా వంగింది.

ఆ తర్వాత ప్రతి చిక్కుకీ ఫోనే. ప్రతిసారీ అదే జవాబు. రేపు చెప్తానమ్మా.

"ఇప్పుడే చెప్పొచ్చుగా సార్?"

"తెలియందే ఎలా చెప్పను? నేను కొత్తగా చేరాను."

"ఈ వయసులోనా?"

"ఏం చేస్తాం, పొద్దుపోవాలిగా."

ఆమె నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. కొద్దిరోజులకి 'సార్' పోయి 'బాబాయ్' వచ్చింది. ఓడ కబుర్లతో పాటు మొగుడి కథ కూడా చెప్పుకుంది.

"ఒక్క మాట బాబాయ్. తెలియకపోతే తెలియదనండి. అబద్ధం మాత్రం చెప్పకండి. అబద్ధాలు విని విని విసిగిపోయాను."

అవతల దగ్గు వినిపించింది.

"మాట్లాడరేం?"

"రెండు వేళ్ళూ జిగురుకి అంటుకుపోయాయమ్మా."

జోకేశాడనుకుంది.

పెట్టెలో చుక్కాని లేదని తెలిసింది ఆ వారమే.

"స్టీరింగ్ లేకుండా బండి ఎలా నడుస్తుంది? నీ అడ్రసు చెప్పు, పంపిస్తా," అన్నాడు.

చుక్కాని పాత న్యూస్‌పేపర్లో చుట్టి వచ్చింది.

ఓ రోజు జిగురు అయిపోయి ఆమె బొమ్మల షాపుకి వెళ్ళింది.

"ఈ ఓడల కంపెనీవాళ్ళు దేవుళ్ళండీ. ఫోన్ చేస్తే చాలు, అన్నీ చెప్తారు."

షాపాయన ఆమె చూపించిన నంబరు చూసి నవ్వాడు. "ఈ నంబరు ఎప్పుడో తీసేశారమ్మా. ఇప్పటి పెట్టెల మీద నంబరే వేయడం లేదు. ఎవరో మీతో ఆడుకుంటున్నారు."

ఆమె చిల్లర కూడా తీసుకోకుండా జిగురుతో బయటపడింది. ఇల్లు చేరగానే ఫోన్ చేసింది.

"మీరు కంపెనీ మనిషేనా?"

"కాదమ్మా. ఈ నంబరు ఇప్పుడు నాది."

"మరెందుకు అవునన్నారు?"

"ఆ రోజు నువ్వు ఏడుస్తున్నావు. రాంగ్ నంబరని పెట్టేయడానికి మనసు రాలేదు. తర్వాత చెబుదామనే..."

"రేపు చెబుదామనా?"



"మా ఆయనా అంతే. చెబుదామనే అనుకున్నాడట. నా గోడంతా విన్నారు, అడ్రసు తీసుకున్నారు. ఆయనకీ మీకూ తేడా ఏముంది?"

ఫోన్ పెట్టేసింది. నంబరు బ్లాక్ చేసింది. మొగుడు వెళ్ళిపోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చింది. బాబాయ్ అని పిలిచినందుకు తన నోటిని తనే తిట్టుకుంది.

మిగతా ఓడ ఎవరినీ అడగకుండా ముగించి, టైలర్ షాపులో కుట్టుమిషన్ ఎదురుగా పెట్టింది. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే, "ఒంటిచేత్తో చేశాను," అనేది.

వాన వెలిసిన ఓ మధ్యాహ్నం ఒకావిడ పెద్ద అట్టపెట్టెతో షాపుకి వచ్చింది.

"మా మావయ్యగారు ఇది మీకిమ్మన్నారండీ. ఇదివరకు మీకు కొరియర్ వేసింది నేనే. అందుకే అడ్రసు గుర్తుంది."

టైలరమ్మ మొహం ముడుచుకుంది. "నాకేం అక్కర్లేదని చెప్పండి ఆయనకి."

"చెప్పడానికి ఆయన లేరండీ. ఈ మధ్యే కాలం చేశారు."

కుట్టుమిషన్ ఆగింది.

"ఆయన... ఓడలు తయారుచేసేవారా?"

"అయ్యో, బస్సు డ్రైవరండీ ఆయన. గోడకి మేకు కొట్టడం కూడా రాదు. ఎవరో అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసిందని ఆ పూటే వెళ్ళి ఈ ఓడ పెట్టె కొనుక్కొచ్చారు. ఇవాళ నేను చేసి చూస్తే గదా రేపు చెప్పగలను అనేవారు. మీ ఫోన్లు ఆగిపోయినా ఈయన ఆపలేదు. ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ చేస్తుంది, అప్పుడు తెలియదంటే బాగోదనేవారు."

టైలరమ్మ పెట్టె విప్పింది. అచ్చం తన ఓడే. అవే బద్దలు, అవే తెరచాపలు. వణికే చేతులు అతికించినట్టు అక్కడక్కడా వంకర పోయాయి.

ఆమె మెల్లగా ఓడని వెనక్కి తిప్పింది.

అన్నీ ఉన్నాయి, చుక్కాని ఒక్కటే లేదు.