పిల్లి అంటించిన మచ్చ

"సంచి మూతి వదలరా మునేశా! దానికి ఊపిరాడదు."

మునిలక్ష్మమ్మ కొడుకు చేతిలోని గోనెసంచిని రెండు చేతులా పట్టుకుంది. లోపల ఆమె పెంపుడు పిల్లి మల్లి గింజుకుంటోంది. పాపం, చెవుల మీదా మెడ మీదా బొచ్చు ఊడి, గుండ్రంగా పొక్కులు కట్టి, నాలుగు రోజులుగా గోక్కుంటూనే ఉంది.

"నంగలి ఊరు దాటించి వదిలేసి వస్తానమ్మా. చంటిబిడ్డ ఉండే ఇల్లు ఇది. నీ మోచేతికి అప్పుడే అంటించింది కదా!"

"నాకేం కష్టం లేదప్పా. ఒక్కసారి డాక్టరుకి చూపించు. ఆయన వద్దంటే నువ్వే వదిలేసి రా. నేనింగ నోరెత్తను."

కోపమొస్తే ముందూ వెనకా చూసే రకం కాదు మునేష్. అయినా తల్లి కళ్ళల్లో నీళ్ళు చూసి మెత్తబడ్డాడు. ఇద్దరూ బైకు మీద ముళబాగిలు వెళ్ళారు.

పశువుల ఆస్పత్రిలో డాక్టర్ ఆనంద్ గ్లౌజులు వేసుకుని మల్లిని బల్ల మీద పెట్టించి చూశాడు.

"తామర ఇది. బొచ్చు కత్తిరించి ఈ మందు పూయండి. నెలన్నర ఒకే గదిలో పెట్టండి, బిడ్డ దగ్గరికి రానీకండి. అది పడుకునే గుడ్డలు వేడినీళ్ళలో ఉతకండి. పూర్తిగా పోతాది."

మునిలక్ష్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. మునేష్ ఊరుకోలేదు.

"మనుషులకి అంటుకోదా సార్?"

"అంటుకోవచ్చు."

"చూసినావామ్మా!" అంటూ తల్లి మోచేతిని డాక్టరు ముందుకు లాగాడు. "ఇదో, అంటించేసినాది. ఇంగ దీన్ని ఇంట్లో ఎట్ల పెట్టుకునేది?"

డాక్టరు వంగి చూశాడు. రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ. పొక్కుల్లేవు, పొట్టు రాలడం లేదు.

"దురద ఉండాదా అమ్మా?"

మునిలక్ష్మమ్మ బల్ల మీది మల్లి వైపు చూసింది. తన జవాబు మీదే మల్లి బతుకు ఆధారపడి ఉందనుకుంది.

"అస్సల్లేదప్పా! దురదా లేదు, మంటా లేదు. నిన్న పొగలు కక్కే సంగటి ఈడే పడినా చురుక్కుమనలేదు. నా మల్లి నాకు ఏ చెరుపూ చేయలేదు!"

డాక్టరు ముఖం మారిపోయింది. గ్లౌజులు తీసేసి, జేబులోంచి పెన్ను తీశాడు.

"కళ్ళు మూసుకోమ్మా. దీంతో ముట్టుకుంటాను. తగలగానే చెప్పు."

ఆమె బుద్ధిగా కళ్ళు మూసుకుంది. డాక్టరు పెన్ను మొన మచ్చ మీద ఆనించాడు. నొక్కాడు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. చర్మం గుంటపడటం మునేష్ చూశాడు.

డాక్టరు అతన్ని రెండడుగులు పక్కకు తీసుకెళ్ళి చెవిలో చెప్పాడు. "ఇది పిల్లి ఇచ్చింది కాదు. తామర కానే కాదు. స్పర్శ పోయిన మచ్చ, కుష్టు అని నా అనుమానం. మందులతో నయమయ్యేదే. ఈ రోజే మనుషుల ఆస్పత్రికి తీసుకొనిపోండి."

మునేష్‌ తల్లి వైపు తిరిగాడు.

"ఇంగా ముట్టలేదేమప్పా?" కళ్ళు మూసుకునే అడిగింది మునిలక్ష్మమ్మ.