మేడగదికి తెల్లగొడుగు

“మామయ్యా, మీరొక్కసారి మధ్యాహ్నం పూట ఈ గదిలో కూర్చుని చూడండి. తర్వాత మాట్లాడండి,” అంది కోడలు, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

మామగారు కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి గోడ మీద చెయ్యి ఆనించి, చటుక్కున తీసేశారు.

డాబా కిందున్న ఆ మేడగదిలోనే ఆమె పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ పిల్లలు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. నిన్నటికి నిన్న అన్నాచెల్లెళ్లిద్దరు మానేశారు. ఇలాగే సాగితే ట్యూషన్ మూసుకోవాల్సిందే. పెళ్లయ్యాక ఆమె తనకంటూ కట్టుకున్నది అదొక్కటే. అది పోతుందంటే ఆమెకు ఏడుపొస్తోంది.

“ఏసీ కొంటాను. నా సంపాదనతోనే. షాపులో చెప్పి కూడా వచ్చాను.”

“ఏసీయా?” మామగారు కరెంటు షాకు కొట్టినట్టు చూశారు.

వీధిలో ఆయన్ని స్విచ్చుల తాతయ్య అంటారు. ఎవరింటికెళ్లినా ముందు ఖాళీగదిలో తిరిగే ఫ్యాను ఆపేసి, ఆ తర్వాతే కుశలం అడుగుతారు మరి.

“నెత్తిన పెనం పెట్టుకుని, కింద ఏసీ తిప్పుతానంటావేంటమ్మా? ముందు డాబాకి తెల్లరంగు వేయిద్దాం. ఎండొచ్చిన దారినే వెనక్కి పోతుంది. కరెంటు ఖర్చూ ఉండదు.”

“రంగేస్తే చల్లబడుతుందా? ఊరుకోండి మామయ్యా.”

“చల్లబడకపోతే ఏసీ నేనే కొంటా. జన్మలో నీ స్విచ్చుల జోలికి రాను. చల్లబడితే మాత్రం ఈ ఇంట్లో ఏసీ మాటెత్తకూడదు. సరేనా?”

“ఒప్పుకోకే పిల్లా,” మెట్ల మీంచి అత్తగారు కేకేసింది. “ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.”

కోడలికి పంతం వచ్చింది. ఒప్పుకుంది.

మర్నాడే పెయింటరు దిగాడు. డబ్బాలూ బ్రష్షులూ మోసుకుని పైకెక్కాడు. పొద్దుటి నుంచీ నెత్తి మీద ఒకటే గోకుడు చప్పుళ్లు. కింద మామగారికి కాలు నిలవడం లేదు. చూసొస్తానంటూ రెండు మూడుసార్లు మెట్లెక్కబోతే, చెప్పుల మట్టి పడితే పని పాడవుతుందని పెయింటరు వెనక్కి తరిమాడు. మధ్యాహ్నం దాటాక అతను ఫోను చెవిన పెట్టుకుని గబగబా దిగాడు. “పైకెవరూ ఎక్కకండి తాతగారూ,” అని అరుస్తూనే బండెక్కి వెళ్లిపోయాడు.

మామగారు డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నారు. తిన్నగా మేడగదికొచ్చి గోడ తడిమారు.

“చూశావా? అప్పుడే తేడా తెలుస్తోంది.”

“మీకు తెలుస్తుంది లెండి,” అంది కోడలు.

ఆ సాయంత్రం ట్యూషన్ మొదలవక ముందే ఆయన పిల్లల మధ్యకొచ్చి నిలబడ్డారు. “ఇవాళ్టి నుంచీ మీ నెత్తిన తెల్లగొడుగు ఉందర్రా. ఎలా ఉందో చెప్పండి.”

పిల్లలు పైకి చూశారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“హాయిగా ఉంది తాతయ్యా,” అంది ముందు వరసలో రెండు జడల పిల్ల. దాని పక్కనున్నదీ అవునంది. మర్నాటికి వెనక వరసలో ఒకడు ఫ్యాను తగ్గించమన్నాడు. ఆ మాట వీధి చివరిదాకా పాకింది. మానేసిన అన్నాచెల్లెళ్లు సంచీలు తగిలించుకుని తిరిగొచ్చారు. వాళ్లతో ఇంకో ఇద్దరు కొత్తపిల్లలు కూడా. అత్తగారైతే మధ్యాహ్నం కునుక్కి మేడగదికే మకాం మార్చి, కాళ్ల మీదికి దుప్పటి తెప్పించుకుంది.

“థర్మామీటరు పెట్టి చూద్దామా నాన్నా?” అన్నాడు కొడుకు.

“ఒళ్లుండగా గాజుగొట్టం ఎందుకురా,” అని కొట్టిపారేశారు మామగారు.

కోడలు ఎంత బింకంగా ఉందామనుకున్నా కుదరలేదు. ఒకరోజు పాఠం చెప్పి లేచేసరికి జాకెట్టు వీపుకి అంటుకోలేదని గమనించింది. గది నిండా పిల్లలు. జరిగి కూర్చోండర్రా అని చెప్పాల్సి వస్తోంది. ఆమెకు గంతులేయాలనిపించింది. షాపుకి ఫోన్ చేసి ఏసీ వద్దని చెప్పేసింది. మామగారి దగ్గరికెళ్లి రెండు చేతులూ జోడించింది.

“ఓడిపోయాను మామయ్యా. మీ మాటే నిజం. ఇక ఏసీ పేరెత్తితే ఒట్టు.”

మామగారి మొహం వెలిగిపోయింది. ఇంతలో పక్కింటి పిన్నిగారు ఆయాసపడుతూ వచ్చింది.

“అన్నయ్యగారూ, మీ మేడగది ఊటీ అయిపోయిందట కదా. ఆ పెయింటర్ని మాకూ మాట్లాడిపెట్టండి. మా ఆయన ఇప్పుడే రమ్మంటున్నాడు.”

“ఎంతలో పని,” అంటూ మామగారు ఫోన్ కలిపి, అందరూ వినాలని స్పీకరు పెట్టారు. “ఏమయ్యా, నీ చేతిలో ఏం మహిమ ఉందయ్యా. పిల్లలు ఫ్యాను కూడా ఆపెయ్యమంటున్నారు.”

అటునుంచి పెయింటరు నసిగాడు.

“క్షమించాలి తాతగారూ. ఆ రోజు మా ఆవిడకి నొప్పులొచ్చాయని కబురొస్తే, మీకు చెప్పకుండానే పరిగెత్తాను. కవలలండీ. ముగ్గురూ క్షేమం.”

“ఇంత చల్లటి కబురు చెప్పి క్షమాపణలేంటయ్యా. ఇదిగో, పక్కింటి వాళ్ల డాబాకి ఎప్పుడొస్తావో చెప్పు. ఆవిడ ఇక్కడే ఉన్నారు.”

“వస్తానండీ, ముందు మీ డాబాకి రంగు వెయ్యనివ్వండి.”