బొమ్మల చెడుగుడు

కాలికి కట్టుతో, ఇసుకలో కుంటుకుంటూ వస్తున్న ఊరిపెద్ద చిన్నపోలయ్యను చూసి తోలుబొమ్మలాట ఖండేరావు లోలోపల సంతోషించాడు.

పోయిన నెల, పక్కపక్కనే ఉన్న ఈ రెండూళ్ల మధ్య స్నేహం పెరగాలని పంచాయతీ సమితి వాళ్లు చెడుగుడు పోటీ పెడితే, రెండువైపులా చేపలు పట్టే పట్టపోళ్లు కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకున్నారు. ఇకనైనా సిగ్గుపడతారని ఖండేరావు నిన్న రాత్రి ఆ పోటీనే బొమ్మలతో ఆడించాడు.

"నీ ఆట చూసి మా ఊళ్లో ఎవరూ నిద్రపోలేదబ్బయా," అన్నాడు పోలయ్య.

"బాధపడినారా అన్నా?"

"పడరా మరి? మా బొమ్మకు చెయ్యి ఊడితే, వాళ్ల బొమ్మకు తలపాగా ఒక్కటే ఊడింది. ఈ రాత్రికి దాని కాలు పీకెయ్."

ఖండేరావు చేతిలోని దారం కింద పెట్టాడు. "చెడుగుడు మానేసినానన్నా. ఈ రాత్రికి సీతాకల్యాణం. అందులో కొట్లాట లేదు."

పోలయ్య తలూపాడు. "మంచిదే. పెళ్లి గదా, రెండూళ్లోళ్లం కలిసే కూర్చుంటాం."

ఖండేరావుకు ప్రాణం లేచొచ్చింది. పెట్టెలోంచి రాముడి బొమ్మ తీశాడు.

పోలయ్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"విల్లు ఎత్తలేక బోర్లాపడే రాజులుంటారు గదా. వాళ్లంతా ఆ ఊరోళ్లేనని ఒక్క మాట అను చాలు. మిగతాది మేం చూసుకుంటాం."