ఒక్క తడి

ఇంజను రెండుసార్లు దగ్గి మళ్లీ ఆగిపోయింది.

రామసుబ్బమ్మ హ్యాండిలు వదిలేసి కుంట గట్టు మీద కూలబడింది. నిన్న పొద్దున నుంచీ ఇదే తంతు. తిప్పడం, ఆగిపోవడం. అరచేతులు బొబ్బలెక్కాయి.

ట్యాంకు నిండా డీజిలుంది. ఇంజనుకు మాత్రం చేరదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అలా మధ్యలో ఏదో అడ్డం పడుతోంది.

అది రెండువేల రెండో సంవత్సరం. వినాయక చవితి పోయినా చిలమత్తూరు పక్క మెట్టచేలలో చినుకు లేదు. శెనక్కాయ పైరు సరిగ్గా కాయ కట్టేందుకు నేలలోకి ఊడలు దిగే వేళకు తలలు వాల్చేసింది. ఇప్పుడు ఒక్క తడి ఇస్తే కాయ దక్కుతుంది. లేకుంటే పశువులకు మేతగా ఎండు కట్టె కూడా మిగలదు. కుంటలో ఆ ఒక్క తడికి సరిపడా నీళ్లున్నాయి.

మొగుడు దాసప్ప బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే. సాయానికి పిలుద్దామన్నా మనిషి లేడు. నిన్నటినుంచి ఆమె మాట్లాడింది ఈ ఇంజనుతోనే. అవీ తిట్లే.

"ఏమ్మా, ఇంజను ఆడల్లేదా?"

ఉలిక్కిపడి చూసింది. గట్టు మీద ఎవరో మనిషి. యాభై దాటి ఉంటాయి. తలకు తువ్వాలు. ఈ ఊరివాడు కాదు.

"యాడికి పోతాండావన్నా?" అంది, డీజిలు క్యానును దగ్గరికి లాక్కుంటూ. ఒంటరి ఆడదాని దగ్గరికి ఊరికే ఎవరొస్తారు?

"ఇట్లే, పనిమీద వస్తిని."

అతను చేను వైపు చాలాసేపు చూశాడు.

"పైరు బాగుండాది. చంపుకోగూడదు."

అడక్కుండానే ఇంజను ముందు కూర్చున్నాడు. ట్యాంకు మూత తీసి చూశాడు. కింద పైపు ఊడదీశాడు. ధారగా రావాల్సిన డీజిలు బొట్టుబొట్టుగా రాలింది. తీగ పెట్టి పొడిస్తే కాస్త పారి మళ్లీ ఆగింది.

"ట్యాంకు అడుగంతా తుప్పేమ్మా. ఎన్నిసార్లు పొడిచినా మళ్లా అడ్డం పడుతుంది. క్యాను ఎత్తులో పెట్టి, దాన్లోంచే పైపు ఇద్దాం."

"చెట్టుంటే కొమ్మకు కట్టొచ్చు. ఈడ చెట్టు యాడుండాదన్నా?"

రాళ్లు పేర్చి పైన క్యాను పెట్టారు. అతను పైపు నోట పెట్టి డీజిలు పీల్చి, ఉమ్మేసి, లోపలి గాలి తీసేసి హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది. నీళ్లు కాలవకెక్కాయి. ఆమె నవ్వేలోపే ఇంజను అదురుకు రాళ్లు జారాయి.

పడిపోబోయిన క్యానును అతను పట్టుకున్నాడు. దాన్ని భుజానికెత్తుకొని అలాగే నిలబడ్డాడు.

"నువ్వు పోయి నీళ్లు కట్టుకోమ్మా."

"పొద్దుగూకేదాకా పట్టుకుంటావా?"

"పట్టుకుంటాలే. పో."

ఆమె ఒక్కో సాలుకూ నీళ్లు మళ్లిస్తూ మాటిమాటికీ తలెత్తి చూసింది. విసుగుపుట్టి పోతాడేమోనని భయం. అతను పొగలో అలాగే నిలబడి ఉన్నాడు.

మధ్యాహ్నం సంగటి ముద్ద విప్పి సగం అతనికి పెట్టబోయింది.

"చేతులు ఖాళీ లేవు గదమ్మా," అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక ఆమెకు దాచాలనిపించలేదు.

"అన్నా, నిజం చెప్తా. ఈ ఇంజను బాడుగది. నా వంతు నిన్నటితో అయిపాయ. ఈ పొద్దు గుట్టవతల బయ్యన్న అనే ఆయప్ప వంతు. మొగం కూడా ఎరగను. ఎప్పుడొచ్చి ఎత్తుకపోతాడో అని గుండె కొట్టుకుంటాంది. వస్తే కాళ్లైనా పట్టుకుంటా, కొట్లాటైనా పెట్టుకుంటా. ఇయ్యను."

అతను క్యానును రెండో భుజానికి మార్చుకున్నాడు.

"ఆయప్ప రాడులేమ్మా. నేను ఆ పక్కనుంచే వస్తిని. రాత్రి ఆడ మంచి వాన. ఆయప్ప చేను బాగా నానింది."

రాత్రి ఆ దిక్కున మెరుపులు ఆమె కూడా చూసింది. గుండె మీది బరువు దిగింది. వెంటనే కడుపు మండింది కూడా.

"పుణ్యం చేసుకున్నోళ్లు. ఆ వానేదో గుట్ట దాటి ఈ పక్కకు రాగూడదా?"

"యాడో ఒకతావ తడిస్తే మేలే గదమ్మా," అన్నాడతను.

పొద్దు వాలేసరికి ఆఖరి సాలు తడిసింది. ఇంజను ఆగింది. ఆమె చేను ఆ చివరనుంచి వచ్చేలోపే అతను క్యాను కింద పెట్టి, పోయొస్తానన్నట్టు చెయ్యూపి, గట్టు దిగిపోయాడు. పేరైనా అడగలేదే అని నొచ్చుకుంది.

మసక పడే వేళకు ఇంజను సొంతదారు తిప్పేస్వామి మోపెడ్ మీద వచ్చాడు.

"ఇంజను ఇంకా ఈడనే ఉండాదే? బయ్యన్న తీస్కపోలేదా?"

"రాలేదన్నా. ఆళ్లకు వాన పడిందంట కదా."

"ఎవరు చెప్పినారు? ఉత్త మెరుపులే. చుక్క రాల్లేదు. మధ్యాన్నం నేను ఆ పక్కకు పోయింటి. ఆయప్ప పైరు సగం మాడిపోయిండాది. ఇంజను కోసమని పొద్దున్నే బండి కట్టుకొని ఈడికే బయల్దేరినాడని ఆళ్లింటామె చెప్పె."

రామసుబ్బమ్మ గబగబా ఇంజను పైపు ఊడదీయబోయింది.

"ఇప్పుడే తీస్కపోదాం పదన్నా. నేనూ వస్తా. ఆడ క్యాను నేను పట్టుకుంటా."

"ఇంక దేనికమ్మా? ఆళ్ల కుంటలో ఉండిందే కాసిని నీళ్లు. నేను చూస్తాండంగనే గొర్రెల మందలు దిగి తాగేసినాయి. బురదే మిగిలింది."

ఆమె గట్టెక్కి బాట వైపు చూసింది. చూపు ఆనినంత మేరా ఎవరూ లేరు.

బాట మలుపులో విడిచొచ్చిన ఒట్టి బండిని తోలుకుంటూ బయ్యన్న అప్పటికే గుట్ట దాటిపోయాడు.