ఎన్నిసార్లు తప్పారు?

"మల్లప్ప మందలో దొరికిన ఈ గొర్రెపిల్ల భద్రమ్మదే, మేడం. ఫొటోలన్నీ కంప్యూటర్‌లో పోల్చి చూశాను. నూటికి నూరు శాతం!" సాక్షి బోనులోంచి చెప్పాడు నిపుణుడు దామోదర్.

"ఇంతకుముందు మీ లెక్క ఎన్నిసార్లు తప్పింది?" అడిగింది దేవరకొండ జడ్జి స్వర్ణ. శాస్త్రీయ సాక్ష్యాల మీద మూడు రోజుల శిక్షణకు వెళ్లి నిన్ననే వచ్చింది. ఏ నిపుణుడినైనా ఈ ప్రశ్న అడగమని అక్కడ మరీ మరీ చెప్పారు.

"ఒక్కసారి కూడా తప్పలేదు, మేడం."

"మరి నువ్వు, భద్రమ్మా?" పిల్ల తనదని కేసు వేసిన ఆమె వైపు తిరిగింది జడ్జి.

"పిల్లను గుర్తుపట్టుట్ల మూడుసార్లు తప్పిన, మేడం. కన్ను మోసం జేస్తది. తల్లిగొర్రె వాసన పట్టాలె. పిల్లకు జర దాని పాలు పూస్తె అది సుత మోసపోతది. గందుకే పిల్లను మంచిగ కడిగి ఇడ్వాలె."

జడ్జి కుర్చీలోంచి ఎగిరినంత పనిచేసింది. "మూడు రోజుల పాఠం మూడు ముక్కల్లో చెప్పావమ్మా! అందరూ బయటికి పదండి!"

కోర్టు ఆవరణలో బంట్రోతు పిల్లను కడిగాడు. అది ఒళ్లు విదిలిస్తే ప్లీడర్ల నల్లకోట్లన్నీ తడిశాయి. ఇద్దరి గొర్రెలనూ చెరో మూల నిలబెట్టి, పిల్లను మధ్యలో వదిలారు. పిల్ల అరుచుకుంటూ ఉరికి మల్లప్ప గొర్రె పొదుగులో మూతి పెట్టింది. గొర్రె దాని తోక వాసన చూసి, కదలకుండా పాలిచ్చింది.

అందరూ భద్రమ్మ వైపు చూశారు. ఆమె పకపకా నవ్వింది.

"మల్లప్పదే, మేడం! నాకు నాలుగని రాస్కోండ్రి!"

జడ్జి నవ్వాపుకుంటూ దామోదర్ వైపు తిరిగింది.

"నాది... ఒకటి, మేడం."