బ్యాట్ ఎగరేసినందుకు

"నవ్వుతున్నావా? వాడు నీ బంతిని కంచె అవతలికి కొట్టి, నీ మొహం మీదే బ్యాట్ ఎగరేసి గంతులేస్తే, నవ్వుతున్నావా?"

కోచ్ ప్రూయిట్ అరుపుకి మైదానం పక్కన గుంటలా ఉండే డగౌట్‌లో బెంచీ మీదున్న వాళ్లంతా తలలు దించుకున్నారు. ఐదో ఇన్నింగ్స్ అప్పుడే ముగిసింది. కోచ్ ఎదుట నిలబడ్డ పిచర్ వాండి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు. బంతి విసిరింది అతనే. దాన్ని హోమ్ రన్ కొట్టింది అవతలి జట్టు రదమేస్. ఇద్దరిదీ డొమినికన్ రిపబ్లిక్‌లో ఒకటే ఊరు, ఒకటే వీధి. ఇప్పుడు ఇద్దరూ అమెరికాలో, మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊళ్లలో, చిన్న బేస్‌బాల్ జట్లలో ఆడుతున్నారు.

"బాగా కొట్టాడు కోచ్," అన్నాడు వాండి. "మా దగ్గర అలాంటి దెబ్బ కొట్టి బ్యాట్ ఎగరేయకపోతే, ఒంట్లో బాలేదా అని అడుగుతారు."

"ఇది మీ దగ్గర కాదు. ఇక్కడ బ్యాట్ కింద పడేసి, తల వంచుకుని పరిగెత్తాలి. అదీ పద్ధతి."

"ఆ రూలు ఎక్కడ రాసుంది కోచ్?"

"రాయరు. బుద్ధున్నవాడికి తెలుస్తుంది." కోచ్ నోట్లోని పొద్దుతిరుగుడు గింజల పొట్టుని వాండి బూట్ల పక్కన ఉమ్మాడు. "వాడు మళ్లీ వచ్చినప్పుడు మొదటి బంతి పక్కటెముకల్లో దించు."

వాండి నవ్వు మాయమైంది. "నేను కొట్టను."

"ఏంటీ?"

"నన్ను అవమానించాడనే కదా మీ బాధ? నాకే అలా అనిపించలేదు, మధ్యలో మీకెందుకు? పోయిన వారం మనవాడే ఔటై వచ్చి, బ్యాట్‌తో నీళ్ల డ్రమ్ము పగలగొట్టాడు. వాణ్ణి ఒక్క మాటన్నారా?"

"అది కోపం. ఆటలో కోపం ఉండాలి. ఇవి తైతక్కలు. మీలాంటివాళ్లు వచ్చాకే ఈ ఆట జాతరైపోయింది."

కోచ్ ఇంకా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"విను. కొట్టలేదనుకో, రేపు పొద్దున్నకి జట్టులో నీ పేరుండదు. జట్టు లేకపోతే వీసా లేదు. ఇంటికెళ్లి మీ వీధిలో కావాల్సినన్ని బ్యాట్లు ఎగరేసుకో."

ఆ తర్వాత రెండు ఇన్నింగ్స్‌ల్లో వాండి విసిరిన ప్రతి బంతీ బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ గ్లవ్‌లో తుపాకీ పేలినట్టు పేలింది. మూడేళ్లుగా తిన్న చల్లటి శాండ్‌విచ్‌లు, పదేసి గంటల బస్సు ప్రయాణాలు, పెద్ద జట్టు నుంచి ఇవాళో రేపో వస్తుందనుకున్న పిలుపు, అన్నీ ఒకే ఒక్క బంతి మీదికి వచ్చి కూర్చున్నాయి.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రదమేస్ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. "మీ ఊరెళ్లి ఆడుకో!" అని జనంలోంచి ఎవరో అరిచారు. క్యాచర్ లేచి వాండి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"కొట్టేయ్ వాండీ. ఒక్క దెబ్బతో గొడవ వదిలిపోతుంది. రూలు రూలే కదా."

"ఎవరు పెట్టారు?"

"నాకేం తెలుసు? నేను పుట్టకముందు నుంచీ ఉంది."

"పో, పోయి కూర్చో."

రదమేస్ వాండి మొహం చూశాడు. ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో ఆడుతున్నవాడు కదా, చెప్పకుండానే అర్థమైంది.

"ఏరా, మీ కోచ్ కొట్టమన్నాడా?" అని స్పానిష్‌లో కేకేశాడు.

"అవునన్నా."

"ఎక్కడ?"

"పక్కటెముకల్లో."

"కొట్టకపోతే?"

"ఇంటికి పంపిస్తాట్ట."

"అయితే కొట్టేయ్. మోచేతికి మాత్రం తగలనీకు, పోయినేడే ఆపరేషనైంది."

"అన్నా, నువ్వు పక్కకి తప్పుకో. నేను అటే విసురుతాను, తగల్లేదని చెప్తాను."

"పిచ్చోడా, తప్పుకుంటే మళ్లీ విసరమంటాడు. నాకు తగిలేది ఒక్క దెబ్బ. నీకు బతుకే పోతుంది. కానీయ్."

"ఏంటయ్యా మీ ముచ్చట్లు?" అంపైర్ గద్దించాడు.

"వాళ్లమ్మకి ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నానండీ," అని రదమేస్ ఇంగ్లీషులో చెప్పి, మోచెయ్యి పైకెత్తి ఎడమ పక్కటెముకలు బంతికి ఎదురుగా పెట్టి నిలబడ్డాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

అది చూసి వాండికి అరికాలి నుంచి మంట లేచింది. ఏ తప్పూ చేయని మనిషి దెబ్బ తినడానికి తనే చోటు చూపిస్తున్నాడు. చేసిందల్లా కాసేపు సంతోషపడటం. ఇప్పుడీ దెబ్బ తినబోయేది కూడా వాండి కోసమే.

వాండి డగౌట్ వైపు చూశాడు. ప్రూయిట్ పై మెట్టు మీద నిలబడి ఉన్నాడు. చూపులు కలవగానే ఆయన నవ్వి, తన పక్కటెముకల మీద రెండు వేళ్లతో తట్టి చూపించాడు. ఇక్కడ.

వాండి అర్థమైందన్నట్టు తలూపాడు. బంతిని వేళ్ల మధ్య బిగించి పట్టాడు. కోచ్ మీంచి చూపు తిప్పకుండానే కాలు పైకెత్తాడు. ఒంట్లో ఉన్న బలమంతా భుజంలోకి తెచ్చుకుని విసిరాడు.

బంతి సరిగ్గా కోచ్ చూపించిన చోటే తగిలింది, ఆయన తన వేళ్లు ఇంకా అక్కణ్ణుంచి తీయకముందే.