చప్పుడు తాగిన హాలు

ఏ హోటల్లో సౌండు అమర్చినా, ముందు హాలు మధ్య నిలబడి రెండు చేతులూ గట్టిగా చరిచి వినడం ఆవిడ అలవాటు. అందుకే పనివాళ్లు ఆవిణ్ణి చప్పట్లమ్మ అంటారు. ఖాళీ హాలైతే మోత గోడలకు తగిలి తిరిగొస్తుంది. జనం నిండితే వాళ్ల ఒళ్లూ బట్టలూ దాన్ని తాగేస్తాయి.

ఆ రాత్రి కొత్త హోటలు విందుల హాల్లో ఆవిడ చేతులు చరిచింది. మోత తిరిగి రాలేదు.

ఒళ్లు మండింది. సాయంత్రం ఇదే హాలు ఖంగుమని మోగింది. తనకు చెప్పకుండా ఎవరో తెరలు కట్టేసి ఉంటారు. షాండ్లియర్లన్నీ వెలిగించి చూసింది. బోసి గోడలు, నున్నటి పాలరాతి నేల. మళ్లీ చరిచింది. దూదిమూట మీద కొట్టినట్టుంది.

మేనేజరుకు ఫోన్ చేసింది. "నన్నడక్కుండా హాల్లో ఏం మార్చారండీ?"

"ఏమీ మార్చలేదు మేడమ్. తివాచీలే రాలేదు. కుర్చీలు కూడా పొద్దున్నే వస్తాయి. ఏదో ఒకటి సర్దేయండి, ఎవరు వింటారు?"

ఎవరు వింటారట! ఏళ్ల తరబడి విని విని నేర్చిన పని, బూడిదలో పోసిన పన్నీరేనా? కోపం నషాళానికంటింది. జనం కూర్చున్నట్టే ఉందిగా ఈ హాలు, ఆ జనానికే చెబుదాం అనుకుని మైకు అందుకుంది.

"ఇక్కడ పని జరుగుతోంది. ఎవరున్నా సరే, లేచి బయటికి నడవండి."

ఆ మాట కూడా తిరిగి రాలేదు.

కాసేపటికి, ఆ మిరుమిట్లు గొలిపే వెలుగులో, ఖాళీ పాలరాతి మీద, వందల కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగిన చప్పుడైంది.